తల ఎత్తని భక్తుడు

కుంబుక్‌దెణియ ఊరివాళ్లు మిట్టమధ్యాహ్నం ఏటి మడుగు వైపు వెళ్లరు. గేదె తప్పిపోయినా సరే, పొద్దు కాస్త వాలేదాకా ఆగుతారు. ఆ మడుగు పైన, నల్లబండ కడుపులో ఉన్న గుహలో ఉండటానికి సుజీవా శీలమాత అనే బౌద్ధ సన్యాసిని వచ్చినప్పుడు ఊళ్లో ఎవరికీ మింగుడుపడలేదు. భిక్షువులైతే సరే, ఆ గుహలో ఇంతకుముందు ఒకరిద్దరు ఉండి వెళ్లారు. గుండు గీయించుకుని కాషాయం కట్టినా ఆడమనిషి ఆడమనిషే కదా, అదీ నలభై నిండని మనిషి, ఒంటరిగా ఎలా ఉంటుందని గుసగుసలాడుకున్నారు.

దింగిరి మెణికే అనే ముసలామె మాత్రం రోజూ పొద్దు నెత్తికెక్కకముందే మూకుడులో దానపు భోజనం పట్టుకుని బండ ఎక్కేది. భర్త పోయాడు. కొడుకు తిక్కిరి బండా అడవి అంచున పోడు కొట్టుకుంటాడు. కోడలు రమ్యలత, నాలుగేళ్ల మనవడు చూటి. ముసలామెకు నోరు ఎక్కువ, భక్తి అంతకన్నా ఎక్కువ.

"వేపుళ్లు తేలేదమ్మగారూ," అంది మొదటిరోజే మూకుడు దించుతూ. "నూనె వాసన తగిలితే ఆయన వస్తాడు. పనసకూర, రాగిరొట్టె, అంతే."

"ఎవరొస్తారు ఉపాసికమ్మా?"

ముసలామె మడుగు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "నల్లకుమారుడు."

సుజీవకు నవ్వొచ్చింది. దక్షిణ తీరంలో పుట్టిన ఆమెకు ఆ యక్షుడి పేరు కొత్త కాదు. పెళ్లికాని పిల్లలకు పీడకలలు వస్తే, బాలింతకు జ్వరం వస్తే, ఆయన చూపు పడిందని డప్పులు కొట్టించి తెల్లవార్లూ నాట్యం ఆడించేవారు.

"నవ్వకండి. ఆయన మొదట్నించీ యక్షుడా ఏంటి? మీలాగే కాషాయం కట్టినాయన. అర్హంతుడు, కోరికలన్నీ చంపుకున్నవాడు. గాల్లో ఎగిరేవాడంట. ఇదిగో, ఈ మడుగు మీదుగా పోతుంటే కింద ఎవత్తో పాట పాడుతోందంట. మనసు జారింది, మనిషీ జారాడు. దబ్బున పడ్డాడు. అప్పట్నించీ ఇక్కడే."

"అర్హంతుడు జారడు ఉపాసికమ్మా. ఏదో ధ్యానబలం ఉన్నవాడై ఉంటాడు."

"పడ్డాక ఏ పేరైతే ఏంటి లెండి," అంది దింగిరి మెణికే. "ఒంటరిగా ఉన్న ఆడవాళ్లంటే ఆయనకి మహా ఇది. మధ్యాహ్నం పూట మడుగు కేసి చూడకండి. నా మాట వినండి."

సుజీవకు భయం లేదు, అప్పటికి. ఆమె భయపడి పారిపోయి వచ్చింది వేరేవాటినుంచి. పదహారేళ్లప్పుడు శీలవ్రతం తీసుకుని, సన్యాసినిగా పట్నం ఆశ్రమంలో చేరింది. అక్కడ ఇరవై ఏళ్లు గడిచాయి. ఏ ఇంటికి దానానికి వెళ్లినా భిక్షువులకు ఎత్తుపీటలు, తెల్లటి దుప్పట్లు, ఇంటిల్లిపాదీ సాష్టాంగాలు. శీలమాతలకు వాకిలి పక్కన చాప. వడ్డన చివర. మొక్కేవాళ్లు సగం వంగి, వంగారో లేదో తెలియకుండానే లేచేవారు. సూత్రాలన్నీ నోటికొచ్చిన సుజీవ, వాటిలో సగం కూడా రాని కుర్రభిక్షువుకి గొడుగు పట్టిన రోజులున్నాయి. అవన్నీ వదిలేశానని అనుకుంది. గుహలోకి వచ్చినప్పుడు ఆమెకు కావలసింది మౌనం ఒక్కటే.

వానలు తగ్గాక ఒకరోజు భోజనమై, మూకుడు కడిగి బోర్లించి, గుహ ముందరి చదును మీద ధ్యానానికి కూర్చుంది. ఎండ నిటారుగా పడుతోంది. మద్దిచెట్లలో ఇలకోళ్లు చెవులు దిమ్మెక్కేలా అరుస్తున్నాయి. ఉన్నట్టుండి ఆ అరుపు తెగిపోయింది. ఒక్కటి కూడా మిగల్లేదు. ఏటి నీటి చప్పుడు కూడా ఎవరో చేత్తో మూసినట్టు అణిగిపోయింది. అప్పుడే ఆర్పిన దీపపు వత్తి వాసన ముక్కుకు తగిలింది. ఆమె దీపం వెలిగించనే లేదు.

కళ్లు తెరిచింది. కింద, మడుగు ఒడ్డున ఒక మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. పున్నమికి శీలం తీసుకునే ఉపాసకుడిలా తెల్లబట్టలు కట్టుకున్నాడు. నుదురు నేలకు ఆనించి, రెండు చేతులూ ముందుకు చాపి, ఆమె వైపే మొక్కుతున్నాడు. నూనె పెట్టి దువ్విన నల్లటి జుట్టు ఎండలో మెరుస్తోంది. ముఖం కనబడటం లేదు.

"ఎవరు బాబూ?"

నుదురు నేలమీదే ఉంది. అతడు ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు. వీపు లేవడం లేదు, దిగడం లేదు. ఆమె రక్ష కోసం చదివే పిరిత్ సూత్రం ఎత్తుకుంది. ఇరవై ఏళ్లుగా రోజూ చదివిన మాటలు నాలుక మీద తడబడ్డాయి. ఒక్క క్షణం కళ్లు దించి ఎత్తేసరికి ఒడ్డున ఎవరూ లేరు. ఇలకోళ్లు మళ్లీ అందుకున్నాయి.

సాయంత్రం దిగి చూసింది. ఒడ్డంతా తడి ఇసుక. మోకాళ్ల గుర్తులు లేవు. కానీ మనిషి పట్టేంత మేర ఇసుక పొడిగా, పిండిలా ఉంది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎప్పుడూ అదే వేళ, అదే మొక్కు. కాకపోతే ప్రతిసారీ కాస్త ముందుకు. ఒడ్డునుంచి బండ మొదటికి వచ్చాడు. అక్కడినుంచి మెట్లలా చెక్కిన గాట్ల దగ్గరకు వచ్చాడు. అతడు నడవడం ఆమె ఏనాడూ చూడలేదు. చప్పుడు ఆగుతుంది, వాసన వస్తుంది, చూస్తే ఉంటాడు. గుహలోకి పారిపోదామంటే అతడికి వీపు చూపాలి. ఆ పని ఆమెకు చేతకాలేదు.

దింగిరి మెణికేకి చెబుదామని రోజూ అనుకునేది. ముసలామె వచ్చేది, కబుర్లు చెప్పేది, పోయేది. సుజీవ నోరు పెగిలేది కాదు. చెబితే ఊరంతా వస్తుంది, మంత్రగాడిని తెస్తారు, డప్పులు కొడతారు. అప్పుడు అతడు రాడు.

అతడు రాకపోతే ఏం? ఆ ప్రశ్న ఆమె వేసుకోలేదు. ఒకరోజు నిజంగానే రాలేదు. ఇలకోళ్లు ఆగకుండా అరుస్తూనే ఉన్నాయి. ఎండ నడినెత్తి దాటిపోయింది. సుజీవ ఆసనం మీదనుంచి లేచి, చదును చివరిదాకా వెళ్లి, మెడ చాచి కిందికి చూసింది. మద్దిచెట్ల నీడల్లో వెతికింది. అలా వెతుకుతున్న తన కళ్లను తనే పట్టుకున్నట్టయి చటుక్కున వెనక్కి తగ్గింది. అతడు వచ్చిన ఏ రోజూ కాళ్లు అంతగా వణకలేదు. లోపలికి పోయి గోడకానుకుని కూర్చుంది. జీవితం మొత్తంలో ఆమెకు అంత పూర్తిగా, అంతసేపు, నేలకంటా వంగి మొక్కినవాళ్లు ఎవరూ లేరు. అతడొక్కడే.

మర్నాడు వచ్చాడు. చదును అంచుకే వచ్చాడు. ఆ రోజే మొదటిసారి మాట్లాడాడు. నేలకు ఆన్చిన నోటినుంచి వచ్చిన మాట మెత్తగా, మర్యాదగా ఉంది.

"అమ్మగారు పొందినదేమిటో ఊళ్లోవాళ్లకి తెలియదు. నాకు తెలుసు."

"నేనేమీ పొందలేదు," అంది సుజీవ.

"అమ్మగారు అలాగే అంటారని కూడా తెలుసు."

చూటికి జ్వరం వచ్చింది ఆ వారంలోనే. ముసలామె దానం తేలేదు. దానికి బదులు మధ్యాహ్నం వేళ రమ్యలత పిల్లవాడిని భుజాన వేసుకుని రొప్పుతూ బండ ఎక్కింది. జుట్టు ఊడిపోయి ఉంది, కాళ్లకు చెప్పుల్లేవు.

"అమ్మగారూ, ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తేలేస్తున్నాడు. పిరిత్ చదవండమ్మగారూ, మీ కాళ్లు పట్టుకుంటా."

పిల్లవాడి నోటినుంచి తియ్యటి వాసన వస్తోంది. నారింజ పండు రుచిలో ఆసుపత్రివాళ్లు ఇచ్చే సిరప్ వాసన. సుజీవ ముక్కుకు అది స్పష్టంగా తెలిసింది. అంతలో ఇలకోళ్లు ఆగిపోయాయి. రమ్యలత వెనకాల, ఆమెకు తెలియకుండా, తెల్లబట్టల వీపు వంగి ఉంది.

"చెయ్యి పెట్టండి," అంది ఆ మెత్తటి గొంతు.

సుజీవ చెయ్యి పిల్లవాడి నుదుటి మీద పడింది. పెదవులు సూత్రం చదివాయి. అరచేతిలోనుంచి ఏదో వెచ్చగా దిగుతోందనిపించింది. నిజంగా దిగిందో, దిగాలని అంత గట్టిగా కోరుకుందో ఆమెకు ఏనాటికీ తెలియలేదు. కాసేపటికి చూటి నుదుట చెమట పట్టింది. కళ్లు తెరిచి, "అమ్మా, రొట్టె," అన్నాడు.

రమ్యలత ఏడుస్తూ నేలమీద పడిపోయింది. చాలాసేపటికి తల ఎత్తి అడిగింది. "అమ్మగారూ, మీరు... మార్గఫలం అందుకున్నవారా? అర్హంతులా? మా అత్తమ్మ అంటోంది."

'లేదు' అన్న ఒక్క మాట చాలు. సుజీవ ఆ మాట అనలేదు. కళ్లు సగం మూసి, పెదవులు కలిపి, చిన్నగా నవ్వింది. అంతే చేసింది.

పొందని ఫలం పొందానని చెప్పుకుంటే భిక్షువైనా భిక్షుణి అయినా ఆ క్షణమే కాషాయానికి చచ్చిపోయినట్టు. ఈ సంగతి ఆమె చిన్నపిల్లలకు పాఠంగా చెప్పిన మనిషి. 'నేను చెప్పలేదు కదా,' అనుకుంది రాత్రంతా. 'నేనేమీ అనలేదు కదా.'

పున్నమికి పక్క ఊళ్లనుంచి కూడా జనం వచ్చారు. కొబ్బరిపాల అన్నం, తామరపూలు, అరటిగెలలు తెచ్చారు. తెల్లబట్టలతో చదునంతా నిండిపోయి, ఒక్కసారిగా అందరూ నుదుళ్లు నేలకు ఆనించారు. సుజీవ ఆ వీపుల వరసల మీదుగా చూపు పోనిచ్చింది. వాటిలో ఒకటి మాత్రం ఊపిరి తీయడం లేదు. అది ఏదో కనిపెట్టలేకపోయింది. అప్పుడు వేసింది అసలైన భయం. ఇన్నాళ్లూ కనీసం అతడెక్కడున్నాడో తెలిసేది.

తిక్కిరి బండాను రక్తపింజర కాటేసింది పోడులో కలుపు కొడుతుండగా. పొద్దున ఎండ పదునెక్కే వేళ. హేరత్ అనే ఆసామికి తొట్టి ఉన్న చిన్న ట్రాక్టరు ఉంది. ఆసుపత్రి రెండు గంటల దారి. ట్రాక్టరు ఆసుపత్రి దారి పట్టలేదు. మడుగు దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి నలుగురు చాపలో వేసి మోసుకుంటూ బండ ఎక్కించారు. వెనక సగం ఊరు.

"ఆసుపత్రికి పోదాం అత్తమ్మా, మీకు దణ్ణం పెడతా," రమ్యలత ఏడుస్తూనే ఉంది.

"నోర్ముయ్యవే. చూటిగాడిని ఏ ఆసుపత్రి బతికించింది? చెట్టు కింద దేవుడుంటే ఊరవతలికి పరిగెత్తేదాన్ని నిన్నే చూశా." దింగిరి మెణికే సుజీవ ముందు కూలబడింది. "అమ్మగారూ, మా వాడు. ఒక్కగానొక్కడు. చెయ్యి పెట్టండి."

చాపలో తిక్కిరి బండా కాలు మోకాలిదాకా వాచి నల్లబడుతోంది. పళ్ల సందులనుంచి నెత్తురు కారుతోంది. కనురెప్పలు బరువుగా వాలిపోతున్నాయి. ఎండ నడినెత్తిన ఉంది. ఇలకోళ్లు ఆగిపోయాయి.

జనమంతా నేలకు వంగారు. ఒక్క ముఖం కూడా కనబడటం లేదు. ఎటు చూసినా వీపులు, జుట్లు, చాపిన చేతులు. వాటి మధ్యనుంచి ఎక్కడినుంచో తెలియకుండా ఆ గొంతు వచ్చింది. "ఇంకేముంది? పెట్టండి."

సుజీవ చెయ్యి లేచింది. తాను లేపినట్టు ఆమెకు తెలియలేదు. గాల్లో ఉన్న తన చేతిని చూసి ఒళ్లు గగుర్పొడిచింది. పెడితే? మళ్లీ చెమట పడితే? మళ్లీ కళ్లు తెరిస్తే? లోపల ఏదో ఆకలిగా అటే లాగుతోంది. ఈ మనిషి చచ్చిపోవచ్చన్న మాట ఆ ఆకలికి పట్టనే లేదు. అది చూసింది ఆమె.

అంతమందిలో వంగనివాడు ఒక్కడే, చాపమీద వెల్లకిలా ఉన్నవాడు. తిక్కిరి బండా రెప్పలు బలవంతంగా ఎత్తి ఆమెను చూశాడు. "అమ్మగారూ," అన్నాడు ముద్దముద్దగా, "నాకు భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది నాయనా," అంది సుజీవ. చెయ్యి దించేసింది. తర్వాత గట్టిగా అరిచింది. "నా దగ్గర ఏమీ లేదు! వినండి! నేనేమీ పొందలేదు! ఇతన్ని ఆసుపత్రికి తీసుకుపోండి!"

"సాధు!" అన్నారు జనం తల ఎత్తకుండానే. "సాధు! సాధు!"

"గొప్పవాళ్లు అలాగే అంటారు," అని ఎవరో మెచ్చుకోలుగా అన్నారు.

"చూటి నోట్లో మందు వాసన వచ్చింది! నారింజ సిరప్! నాకు తెలుసు, తెలిసీ నోరు మూసుకున్నా! రమ్యలతా, చెప్పమ్మా!"

రమ్యలత తల ఎత్తింది. అత్తను చూసి, మొగుణ్ని చూసి, ఏడుపు దిగమింగింది. "ముందురోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లా అత్తమ్మా. మీరు తిడతారని చెప్పలేదు. ఇక్కడికొచ్చేముందు కూడా పోశా."

"ఓసి నీ..." దింగిరి మెణికే లేవబోయి ఆగిపోయింది. "అయితే ఏంటి? మందు పోసినా తగ్గలేదు కదా. అమ్మగారు చెయ్యి పెట్టాకే కదా తగ్గింది? పెట్టండమ్మగారూ, మమ్మల్ని పరీక్షించకండి."

హేరత్ కూడా లేవలేదు. ఎవరూ లేవలేదు. తన ఒక్క నవ్వు వీళ్లని ఇంత లోతుకు నెట్టిందని సుజీవకు అప్పుడు తెలిసింది. ఎంత కాదన్నా అంత గట్టిగా నమ్ముతారు. చాపమీద మనిషి రెప్పలు మూతపడ్డాయి.

ఆమె చాప దగ్గరకు వెళ్లి, మోకాళ్ల మీద వాలి, కాషాయంతోనే పోడు మట్టి అంటిన తిక్కిరి బండా పాదాల దగ్గర నుదురు నేలకు ఆనించింది.

అలాంటిది ఎవరూ కనలేదు, వినలేదు. చదునంతా హాహాకారం లేచింది. "అయ్యో! అయ్యయ్యో! లేవండమ్మగారూ! పాపం! నా కొడుకు నరకానికి పోతాడు! కాషాయం కట్టుకుని వాడి కాళ్లకా!" దింగిరి మెణికే గుండెలు బాదుకుంటోంది.

సుజీవకు ఆ గోల దూరమైపోయింది. నేల వేడిగా ఉంది. ఆర్పిన వత్తి వాసన ముక్కుపుటాల్లోకే వచ్చింది. తన చెంప పక్కన, జానెడు దూరంలో, ఇంకో నుదురు నేలకు ఆని ఉందని చూడకుండానే తెలిసింది. ఆ తల మెల్లగా తనవైపు తిరుగుతోంది. జుట్టు రాతి మీద రాపాడుతున్న చప్పుడు వినిపించింది.

"ఆహా," అంది ఆ గొంతు ఆమె చెవిలో, పరవశంగా. "ఇంత వినయం ఎవరికుంటుంది? ఇప్పుడు... ఇప్పుడయ్యారు అమ్మగారు నిజమైన అర్హంతురాలు."

ఆమె లోపల ఎక్కడో ఆ మాటకు చల్లగా, హాయిగా అనిపించింది. ఇంత భయంలో, ఇంత సిగ్గులో, ఒక మనిషి చస్తుండగా, హాయిగా అనిపించింది. సుజీవ కళ్లు తెరిచింది.

జుట్టు ముఖం మీద పడి ఉంది. కళ్లు కనబడలేదు. నోరొక్కటే కనబడింది. పెదవులు కలిపి, చిన్నగా, అణకువగా నవ్వుతోంది. ఆ నవ్వు ఆమెకు తెలుసు. రమ్యలత అడిగినరోజు తాను నవ్విన నవ్వు అది.

"చూశాను," అంది సుజీవ. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నిన్ను చూశాను."

లేచింది. పక్కన ఎవరూ లేరు. చాప కొసను రెండు చేతులతో పట్టుకుని, చేపల సంతలో ఆడదానిలా అరిచింది. "గుడ్లప్పగించి చూస్తారేంట్రా! పట్టండి! హేరత్, నువ్వా పక్క! పట్టు!"

మర్యాద తెలిసిన శీలమాత అరవదు, మగవాడు పడుకున్న చాప పట్టుకోదు. జనం కళ్లలో ఏదో పగిలింది. ఆ పగులులోంచే వాళ్లు కదిలారు. హేరత్ ఒక కొస పట్టాడు. రమ్యలత ఇంకో కొస పట్టింది. పరుగులాంటి నడకతో బండ దిగారు.

ట్రాక్టరు తొట్టిలో సుజీవ కూడా ఎక్కింది. గతుకుల దారి. అడవంతా దుమ్ము. "నిద్రపోకు నాయనా, మాట్లాడు," అంటూనే ఉంది. తానూ ఏదో ఒకటి మాట్లాడకపోతే ఆ గొంతు మళ్లీ వినిపిస్తుందేమోనని ఆమె భయం.

"ఏం మాట్లాడను," అన్నాడు తిక్కిరి బండా నెత్తురు ఉమ్మి. "మీరు నా కాళ్లకి మొక్కారు. ఇక నేను చచ్చానంటే మా అమ్మ చంపేస్తుంది."

రమ్యలత ఏడుస్తూనే నవ్వేసింది.

ఆసుపత్రిలో విరుగుడు ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ తిట్టింది. ఎవరిని తిట్టాలో తెలియక అందరినీ తిట్టింది. తిక్కిరి బండా బతికాడు. కాలి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

సుజీవ ఆ గుహకు తిరిగి వెళ్లింది, కానీ నిలవలేకపోయింది. ఊళ్లో కొందరు మొహం చాటేశారు. మందు సంగతి విని, మోసం చేసిందన్నారు. ఆమెకు అది ఊరటగానే ఉంది. మిగిలినవాళ్లు అంతకు రెట్టింపు మంది వచ్చారు. పోడు కొట్టుకునేవాడి పాదాలకు మొక్కిన అమ్మగారిని చూడాలని దూరదూరంనుంచి బస్సులెక్కి వచ్చారు. తెల్లబట్టల వరస బండ మెట్లెక్కుతుంటే ఆమె ఒక్కసారి కిందికి చూసింది. వాళ్లింకా పైకి రాకముందే సంచీ భుజాన వేసుకుని వెనకవైపు తుప్పల్లోంచి దిగి బస్సెక్కేసింది.

పట్నం ఆశ్రమంలో పెద్దమాత వంటింటి గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కళ్లకు శుక్లాలు, వేళ్లతోనే ఏరుతుంది. సుజీవకు శీలం ఇచ్చింది ఆవిడే. సుజీవ పాదాలకు మొక్కి, ఏదీ దాచకుండా చెప్పింది. తన నవ్వు సంగతి ఆగి ఆగి చెప్పింది. పెద్దమాత తొందరపెట్టలేదు.

"కాషాయం విప్పేయమంటారా?" అంది చివరికి.

"నోటితో పొందానని అన్నావా?"

"అనలేదు. అనుకోనిచ్చాను."

"అయితే విప్పక్కర్లేదు. కానీ తేలిగ్గా పోయే తప్పు కూడా కాదది. మోస్తావులే." పెద్దమాత వేళ్లు బియ్యంలో ఆగాయి. "ముఖం చూశావా?"

"నోరు చూశాను. నవ్వాడు."

"నీ దగ్గర నవ్వుతాడా? నా దగ్గరికి ఏడుస్తూ వస్తాడు. 'నువ్వు లేకపోతే ఈ పిల్లలంతా ఏమైపోతారే' అని ఏడుస్తాడు. నలభై ఏళ్లుగా ఈ గడప దాటలేకపోయాను వాడి ఏడుపుకి."

"ఇప్పటికీ వస్తాడా?"

"మొన్న కూడా వచ్చాడు."

అది విని సుజీవ భయం ఇంకా పెరిగింది. ఇక్కడికి వస్తే తీరిపోతుందని అనుకుని వచ్చింది. తెల్లబడిన కళ్లతో, వణికే చేతులతో ఉన్న ఈ ముసలావిడకే తీరలేదు. చిన్నపిల్లలా పెద్దమాత ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. పెద్దమాత బియ్యపు చాట పక్కన పెట్టి ఆమె గుండు మీద చెయ్యి వేసింది.

"ఒంటరిగా ఉండకు," అంది. "నీకు పనికిరాదు. కొందరికి పనికొస్తుంది, నీకు రాదు. వెళ్లి గిన్నెలు కడుగు."

కోతలయ్యాక దింగిరి మెణికే వచ్చింది. వెంట చేతికర్రతో కుంటుతూ కొడుకు, చూటిని ఎత్తుకుని కోడలు. ముసలామె వచ్చీ రాగానే దెబ్బలాట పెట్టుకుంది.

"మా వాడి నెత్తిన ఎంత పాపం పెట్టారమ్మగారూ! కాషాయం చేత మొక్కించుకున్నాడని ఊరంతా వాణ్ని ఏడిపిస్తున్నారు. ఆ పాపం కడుక్కోటానికి నెలనెలా దానం చేస్తున్నాడు. నా కొట్లో వడ్లు ఖాళీ."

"అమ్మా, ఊరుకో," అన్నాడు తిక్కిరి బండా నవ్వుతూ.

"నేను ఊరుకోను. మీరొచ్చి మా ఊళ్లో ఉండండి. గుహలో వద్దు. మా పెరటి పక్కన మట్టిల్లు వేయిస్తా. ఊరి నడుమ. కోళ్లు, కుక్కలు, పిల్లల గోల, ధ్యానం ఏమీ సాగదు లెండి." ఆపి, గొంతు తగ్గించింది. "నేను ఆ రోజు ఆసుపత్రికి పోనివ్వలేదు. కొడుకుని నేనే చంపుకునేదాన్ని. రాత్రిళ్లు నిద్ర పట్టడంలేదమ్మగారూ. మీరు దగ్గరుంటే కాస్త..."

సుజీవ పెద్దమాత వైపు చూసింది. పెద్దమాత, "పదుమని తీసుకెళ్లు," అంది.

పదుమ అంటే ఆశ్రమంలో అందరికీ హడలు. నిద్రలో గురక, మెలకువలో ప్రశ్నలు. ఏ మాటా ఊరికే పోనివ్వదు. సుజీవకు ఆమె తోడు కావలసింది అందుకే.

మట్టింట్లోకి దిగిన కొత్తలోనే, ఒక పొద్దున పక్క ఊరి గర్భిణి వాకిట్లోకి వచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి, తల తిరుగుతోందంది. సుజీవ ముందు కష్టం మీద వంగబోయింది. "మీ చెయ్యి మహత్యం విన్నానమ్మగారూ. దేవతలాంటివారు..."

సుజీవ వెన్నులో ఏదో హాయిగా పాకింది. ఆమెకు ముచ్చెమటలు పోశాయి. చటుక్కున ఆ పిల్ల భుజాలు పట్టుకుని నిలబెట్టింది.

"వంగకమ్మా. బస్సుకి పోదాం పద. డాక్టరమ్మకి చూపిద్దాం." గొడుగు తీసుకుని లోపలికి కేకేసింది. "పదుమా! నువ్వూ రా!"

"ఒక్క మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లటానికి ఇద్దరమెందుకు?" లోపలినుంచి విసుగ్గా వచ్చింది జవాబు.

"నాకు భయంగా ఉంది."

"దేనికి?"

"ముందు నువ్వు రా. దారిలో చెప్తాను."